ద్యూతము – రాజధర్మము



జూదము చెడ్డదని చెప్పుటకు ఒక ఉపన్యాసము అక్కరలేదు. ఆ మాట మన ఇండ్లలోని పెద్ద ముత్తైదువలు చెప్పగలరు. జూదములో చేను పోగొట్టుకొన్నవాడు అంతకంటె బాగుగా చెప్పగలడు. నేడు మనము విచారింపవలసినది వేరొక సంగతి. ప్రజలు జూదమాడుచున్నప్పుడు ప్రభువు ఏమి చేయవలెను? నిషేధింపవలెనా? ఒక కట్టుబాటులో ఉంచి పన్ను తీసికొనవలెనా? చూచియు చూడనట్లు ఊరకుండవలెనా? వ్యక్తికి సంబంధించినంతవరకు శాస్త్రము ఏకకంఠముతో జూదమును వ్యసనమనినది. ప్రభువు చేయవలసిన పని విషయములో మాత్రము ఋషులకే అభిప్రాయభేదమున్నది. ఆ భేదమును తెలిసికొన్నచో, నేడు ఢిల్లీలోను అమరావతిలోను జరుగుచున్న శాసనముల చర్చ మనకు కొత్తదిగా తోచదు.

ఈ విచారణ మన కనిగిరి సీమకు మిక్కిలి అవసరము. ఇది వానను నమ్ముకొన్న మెట్టనేల. ఉత్తరముగా పోయినకొలది పత్తి, మిరప పండు నల్లరేగళ్లు. ఇచ్చటి రైతు విత్తు చల్లిన దినము నుండి యార్డులో తూకము పడు దినము వరకు అనిశ్చయములోనే జీవించుచున్నాడు. అట్టి వాని చేతిలోని ఫోనులోనికి నేడు పేకముక్కలు, క్రికెట్ పందెములు, ఓట్ల లెక్కింపుపై పందెములు వచ్చి కూర్చున్నవి. కావున ఏది తప్పనిసరియైన సాహసము, ఏది కొని తెచ్చుకొన్న సాహసము అను వివేకము మనకు కావలెను.

వేదము చెప్పినది

ఋగ్వేద దశమ మండలములోని 34వ సూక్తమునకు అక్షసూక్తమని పేరు. అందులో మాటలాడువాడు జూదరియే. తన భార్య తనకు దూరమైనదని, అత్తగారు ద్వేషించుచున్నదని, తల్లిదండ్రులు, అన్నదమ్ములు ఇతడెవరో తామెరుగమని చెప్పుచున్నారని వాపోవును. ఇక ఆడనని నిశ్చయించుకొనును. పాచికల చప్పుడు వినగానే మరల లేచిపోవును. అప్పులవానికి భయపడి, ధనము కోరి, రాత్రివేళ పరుల ఇండ్లకు పోవును. ఈ సూక్తములో నరకవర్ణన లేదు. ఉన్నదంతయు ఇల్లు, అప్పు, అవమానము. జూదము వలన కలుగు నష్టమును వేదము మొట్టమొదట సంసారములోనే చూపినది.

సూక్తము చివర సవితృదేవుని ఉపదేశముగా వచ్చు మాట వ్యవసాయము చేయుమని. ఇది కేవలము నీతివాక్యము కాదు, అర్థశాస్త్ర రహస్యము కూడ. నాగలి పట్టినవాడు నేలలో లేని ధాన్యమును పుట్టించును. పాచిక పట్టినవాడు దేనినీ పుట్టింపడు. ఒకని మూట మరొకని చేతికి మార్చును. పదిమంది ఒక రాత్రి పొలములో పనిచేసినచో తెల్లవారుసరికి ఊరి సంపద కొంత పెరుగును. పదిమంది ఒక రాత్రి జూదమాడినచో ఊరి సంపద పెరుగదు. దీపపు నూనె మాత్రము తరుగును.

ఆనాటి పాచికలు తాండ్ర చెట్టు కాయలు. త్రిఫలములలో ఒకటియైన తానికాయయే అది. రాశి నుండి తీసిన కాయలను నాలుగేసి చొప్పున లెక్కింపగా ఏమియు మిగులకున్న కృతము, మూడు మిగిలిన త్రేత, రెండు మిగిలిన ద్వాపరము, ఒకటి మిగిలిన కలి. మనము యుగములకు చెప్పుకొను పేర్లు పాచికల పందెములకు కూడ పేర్లే. కలి యనగా ఓడిపోవు పందెము.

స్మృతులలో రెండు మార్గములు

మన ప్రాంతపు వైదిక కుటుంబములలో అత్యధికులు ఆపస్తంబ సూత్రానుసారులు. ఆపస్తంబ ధర్మసూత్రము రాజు కట్టింపవలసిన సభను వర్ణించుచు, దాని నడుమ ఆటస్థలమును ఏర్పరచి, సరిసంఖ్యలో తాండ్రకాయలను ఉంచవలెనని విధించినది. అనగా ఆట రాజు కన్నుల ఎదుట జరుగవలెనని భావము.

మనువు మార్గము వేరు. తొమ్మిదవ అధ్యాయములో ఆయన రెంటిని విడదీసి చెప్పినాడు. ప్రాణము లేని వస్తువులతో ఆడునది ద్యూతము. ప్రాణులను పోరాడించి పందెము కాయునది సమాహ్వయము. మన కోడిపందెము సమాహ్వయము. ఈ రెండును పట్టపగటి దొంగతనములని, రాజ్యనాశకములని, రాజు వీనిని తన దేశములో ఉండనీయరాదని మనువు శాసించినాడు.

కౌటిల్యుడు మూడవ మార్గము చూపినట్లు కనిపించినను, నిజమునకు ఆపస్తంబుని దారినే విస్తరించినాడు. అర్థశాస్త్రములో ద్యూతాధ్యక్షుడను ఉద్యోగి కలడు. ఆట ఒకే చోట జరుగవలెను. మరొక చోట ఆడినవానికి 12 పణముల దండనము. ఎందుకనగా, రహస్యముగా బ్రతుకువారిని, దొంగలను గుర్తించుటకు. పాచికలను అధ్యక్షుడే ఇయ్యవలెను. గెలిచిన సొమ్ములో నూటికి ఐదు, పాచికల అద్దె, నీటికి, స్థలమునకు రుసుము అతడు తీసికొనవచ్చును. మోసపు ఆట ఆడినవానికి దండనముతో పాటు గెలిచిన సొమ్ము పోవును. యాజ్ఞవల్క్యుడు కూడ ఇట్లే, దొంగల జాడ తెలియుటకు జూదము ఒకే ముఖముగా జరుగవలెనని చెప్పినాడు. ఆటశాల నడుపు సభికుడు రాజునకు భాగమిచ్చుటయేకాక, ఓడినవాని వద్ద వసూలు చేసి గెలిచినవానికి ఇప్పింపవలెను.

ఇంతమాత్రమున కౌటిల్యుడు జూదమును మెచ్చినాడని తలపరాదు. వ్యసనముల ప్రకరణములో జూదము వలన గణములు, రాజకుటుంబములు చీలి నశించునని ఆయనయే హెచ్చరించినాడు. పన్ను వేసినంత మాత్రమున ఆమోదించినట్లు కాదు.

ఈ విరోధమును విజ్ఞానేశ్వరుడు పరిష్కరించినాడు. కల్యాణిలో చాళుక్య ప్రభువు ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076–1126) ఆయన యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర వ్యాఖ్య వ్రాసినాడు. మనువు చేసిన నిషేధము కపటపు పాచికల ఆటకు, రాజాధ్యక్షుడు లేని ఆటకు వర్తించునని ఆయన సమన్వయము. ఆ మితాక్షరనే 13వ శతాబ్దిలో, తిక్కన సోమయాజికి సమకాలికుడైన కేతన విజ్ఞానేశ్వరీయమను పేర తెలుగు చేసినాడు. తెలుగు భాషలో న్యాయశాస్త్రము ఎంత ప్రాచీనమో దీనివలన తెలియును.

మరొక విధి కలదు. దానిని మనము మరచిపోరాదు. తండ్రి మద్యమునకు, కామమునకు, జూదమునకు చేసిన అప్పును కుమారుడు తీర్చనక్కరలేదని యాజ్ఞవల్క్యుడు చెప్పినాడు. పితృఋణమును అంత గొప్పగా చెప్పిన ధర్మశాస్త్రము ఈ అప్పును మాత్రము కుటుంబము నెత్తిన పెట్టలేదు. ఇది జూదరికి చేసిన ఉపకారము కాదు. అతనికి అప్పిచ్చువానికి చేసిన హెచ్చరిక. వసూలు కాని అప్పును ఎవడును సులభముగా ఈయడు.

హస్తినాపురము, అయోధ్య, పల్నాడు

నన్నయభట్టారకుడు తెనుగు చేసిన సభాపర్వములో ద్యూతఘట్టమును మనము ధర్మరాజు దోషముగా, శకుని కపటముగా చదువుకొందుము. రాజధర్మ దృష్టితో చదివినచో మరొక దోషము కనిపించును. సభ కట్టించినది ధృతరాష్ట్రుడు. ఆహ్వానము పంపినది ధృతరాష్ట్రుడు. వలదని విదురుడు చెప్పినను వినక ఆట సాగనిచ్చినదియు అతడే. గెలిచిన సొమ్ము చేరినది అతని కుమారునికి. ప్రభువే జూదశాల యజమానియై, లాభములో భాగస్థుడైనప్పుడు, ఆపవలసిన చేయి ఎవరిది? పందెము పెట్టువాడు దుర్యోధనుడు, పాచిక వేయువాడు శకుని. ఒకని బదులు మరొకడు ఆడుట సమము కాదని ధర్మరాజు ఆక్షేపించినాడు. ఆ ఆక్షేపణమును విని తీర్పు చెప్పు మధ్యస్థుడు ఆ సభలో లేడు.

అరణ్యపర్వములోని నలోపాఖ్యానము దీనికి జోడు కథ. నలుని కలి ఆవేశించినాడు, పాచికలలో ద్వాపరుడు చేరినాడు, రాజ్యము పోయినది. పిమ్మట బాహుకుడను పేర అయోధ్యాధిపతి ఋతుపర్ణునికి సారథియైనాడు. దారిలో ఒక తాండ్ర చెట్టును చూచి ఋతుపర్ణుడు దాని ఆకులను, కాయలను ఎంచకయే లెక్క చెప్పినాడు. నలుడు లెక్కించి చూడగా సరిపోయినది. కొంత చూచి మొత్తమును అంచనా కట్టు ఆ విద్యయే అక్షహృదయము. దానిని నేర్చి, తన అశ్వహృదయమును బదులిచ్చి, నలుడు పుష్కరునితో మరల ఆడి రాజ్యమును పొందినాడు.

ఈ రెండు కథలను కలిపి చూచినచో ఒక సూక్ష్మము బోధపడును. శకుని ఆట అదృష్టముపై ఆడినది కాదు, నైపుణ్యముతో ఆడినది. నలుని రెండవ ఆటయు అట్టిదే. తెలిసినవానికి అది విద్య; తెలియనివానికి అదియే వినాశము. కావున "ఇది నైపుణ్యపు ఆట, జూదము కాదు" అను మాట తెలియనివానిని రక్షింపజాలదు. ధర్మరాజునకు పాచికలపై ప్రీతి మెండు, నేర్పు లేదు. నేర్పుగలవాడు నేర్పులేనివానిని ఓడించుట ఆటలో సహజమే కావచ్చును. ఆ ఓటమికి ఒక ఇంటిని పణముగా పెట్టించుటయే అధర్మము.

మన చెంతనే పల్నాడున్నది. 12వ శతాబ్ది నాటి పల్నాటి కథ ప్రకారము గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మ, మాచెర్ల పక్షమున బ్రహ్మనాయుడు కోడిపందెము కాచిరి. ఓడిన మాచెర్లవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోయిరి. గడువు తీరిన పిమ్మట వారి భాగము వారికి రాలేదు. తుదకు కారెంపూడి రణరంగమున ఉభయ పక్షముల వీరులు కూలిరి. మనువు సమాహ్వయమును రాజ్యనాశకమనుట అతిశయోక్తి కాదని తెలుగుదేశము తన నెత్తుటితో తెలిసికొన్నది.

నూటికి ఐదు లెక్క

సభికుడు నూటికి ఐదు తీసికొనుట స్వల్పమని తోచును. లెక్క వేసి చూడుడు. కొందరు కూడి, ఉన్న సొమ్మంతయు ప్రతి విడతలోను పందెముగా తిప్పుచున్నారనుకొనుడు. విడతకు నూటికి ఐదు బయటికి పోయినచో, 14 విడతలు ముగియుసరికి సగమునకు పైగా సొమ్ము ఆటశాల పరమగును. ఎవడు గెలిచెను, ఎవడు ఓడెను అను దానితో నిమిత్తము లేదు. పూర్వము 14 విడతలు ఆడుటకు ఒక రాత్రి పట్టెడిది. నేడు ఫోనులో కొద్ది నిమిషములు చాలును. ఆట వేగము పెరిగినకొలది ఆ స్వల్పమైన ఐదే మహాభక్షకమగుచున్నది. కౌటిల్యుని కాలమునకు, మన కాలమునకు గల ముఖ్యభేదము ఇది.

నూటికి ఐదు అను అంకె మరొక చోట కూడ కనిపించును. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకములో వాణిజ్య పంటలకు రైతు చెల్లింపు బీమా మొత్తముపై నూటికి ఐదు మించరాదని నియమము. అంకె ఒకటే, ఫలము విపరీతము. బీమాకు ఇచ్చిన ఐదు, ఉన్న భయమును తగ్గించును. జూదమునకు ఇచ్చిన ఐదు, లేని భయమును సృష్టించును.

వానపై పందెము

వ్యవసాయమును కూడ "వానతో జూదము" అని మనవారు అనుచుందురు. ఆ మాటలో బాధ ఉన్నది కాని, సత్యము లేదు. రైతు వానకై ఎదురుచూచుట జూదము కాదు. వాన పడినను పడకున్నను లోకమునకు తిండి కావలెను. ఆ భారమును ఎవడో ఒకడు మోయవలెను. 1987–88లో గుంటూరు, ప్రకాశము జిల్లాల పత్తి చేలపై తెల్లదోమ పడి పంట పోయినప్పుడు, అప్పుల బాధతో రైతులు ప్రాణములు తీసికొన్నారు. వారు పందెము కాయలేదు. అందరికి బట్ట కావలసిన భారమును తామొక్కరే మోసి కూలిరి. అట్టి భారమును పదిమందికి పంచుటకు చేయు ఏర్పాట్లు, అనగా పంట బీమా, ముందుగా ధర నిశ్చయించుకొని అమ్ముట మొదలగునవి, ధర్మసమ్మతములు.

ఒక భారమును పంచుకొనుట వేరు, దానిని చూచి పక్కన నిలిచి పందెము కాయుట వేరు. కలకత్తాలోని బడాబజారులో పూర్వము వానపైననే పందెములు కాచెడివారు. వాన ఇంతకు మించి కురియునా, లేదా అనునదే పందెము. వంగదేశ ప్రభుత్వము 1897లో దీనిని ప్రత్యేక శాసనముతో నిషేధించినది. అదే వానను కౌటిల్యుడు ద్రోణములతో కొలిపించినాడు, ఎందుకు? ఏ దేశములో ఎంత వర్షమో తెలిసి తగిన విత్తు చల్లించుటకు. మన ఉగాది పంచాంగ శ్రవణములో వర్షమును ఆఢకములలో చెప్పుటయు సేద్యము కొరకే. వానను కొలుచుట విద్య. కొలిచినదానిపై పణము పెట్టించుట వ్యసనము.

పత్తికి సంబంధించిన చరిత్రయు ఇట్టిదే. బొంబాయి బజారుకు న్యూయార్కు నుండి పత్తి ధరలు తంత్రీమార్గమున వచ్చెడివి. ఆ ధరలు తెలిసికొనుట వర్తకునకు అవసరము. క్రమముగా పత్తితో ఏ సంబంధము లేనివారు ఆ అంకెలపై పందెములు కాయ మొదలిడిరి. 1961లో ఆ ధరలు వచ్చుట ఆగిపోయినది. పందెము మాత్రము ఆగలేదు. కుండలో చీటీలు వేసి అంకె తీయుట మొదలైనది. అదియే మట్కా. పత్తి పోయినది, అంకె మిగిలినది. పుష్పము రాలిన పిమ్మట ముల్లు మిగిలినట్లు, సరకు పోయి పందెము మిగులుట ఈ వ్యాపారమునకు స్వభావము.

ఈ భేదమును చట్టము కూడ గుర్తించినది. 1848లో నల్లమందు వేలపు ధరపై కాచిన పందెము విషయములో లండనులోని ప్రివీ కౌన్సిలు, ఆనాటి చట్టము ప్రకారము అట్టి పందెపు సొమ్మును దావా వేసి రాబట్టవచ్చునని తీర్పు చెప్పినది. ఆ సంవత్సరమే పందెపు ఒప్పందములు చెల్లవని ఇచ్చట శాసనము వచ్చినది. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 30వ సెక్షను నేటికిని అదే చెప్పుచున్నది. యాజ్ఞవల్క్యుడు కుమారునికి ఇచ్చిన రక్షణకు ఇది దగ్గరి చుట్టము.

మన కాలపు శాసనములు

1867లో ఆంగ్లేయులు బహిరంగ జూద నిషేధ చట్టము చేసిరి. మదరాసు రాజధానికి 1930లో ప్రత్యేక చట్టము వచ్చినది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడువరకు నెల్లూరు జిల్లాలో ఉండిన మన కనిగిరికి చాలకాలము వర్తించినది ఈ మదరాసు శాసనమే. 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము రాష్ట్రమంతటికి ఒకే శాసనమైనది. రాజ్యాంగములో పందెములు, జూదము రాష్ట్రముల జాబితాలోనివి.

1957లో బొంబాయి బహుమతి పోటీల వ్యాజ్యములో సుప్రీంకోర్టు, జూదము వ్యాపారము కాదని, వ్యాపార స్వాతంత్ర్యపు రక్షణ దానికి లేదని తీర్పు చెప్పినది. ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్ ఆ తీర్పులో ఋగ్వేద సూక్తమును, భారతమును, మనువును స్మరించుట మనకు గర్వకారణము. పది సంవత్సరముల పిమ్మట, 1967లో, సికింద్రాబాదులోని ఒక క్లబ్బుపై వచ్చిన వ్యాజ్యములో అదే న్యాయస్థానము, రమ్మీ ముఖ్యముగా నైపుణ్యపు ఆటయని, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుట దానికి అవసరమని చెప్పినది. మూడు ముక్కలాట అట్టిది కాదనినది. నలుగురు మిత్రులు బల్ల చుట్టు కూర్చుండి ఆడిన దినములలో ఆ తీర్పు సమంజసమే. ఆ మాటనే ఆధారము చేసికొని ముఖము తెలియని లక్షలమందిని ఫోనులో కూర్చుండబెట్టి రేయింబవళ్లు ఆడింతురని నాడు ఎవరూహింపగలరు?

తెలంగాణ ప్రభుత్వము 2017లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లో తమ చట్టములను సవరించి సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించినవి. కాని ఒక రాష్ట్రపు పొలిమేర ఫోనులోని ఆటకు అడ్డుకట్ట కాజాలదు. 2020 అక్టోబరులో మన రాష్ట్ర ముఖ్యమంత్రి 132 వెబ్‌సైట్లను, యాప్‌లను ఆపవలసినదిగా కేంద్రమునకు లేఖ వ్రాయవలసి వచ్చినది. మరొక వంక, 2023 అక్టోబరు 1 నుండి అట్టి ఆటలలో పెట్టు సొమ్ము పూర్తి విలువపై 28 శాతము జీఎస్టీ వేయబడినది. ఇట్లు ఒకే దేశములో ఒక చేయి మనువుది, ఒక చేయి కౌటిల్యునిది అయినవి. తుదకు 2025 ఆగస్టులో పార్లమెంటు, నైపుణ్యమా అదృష్టమా అను భేదము పాటింపక, సొమ్ము పణముగా పెట్టు ఆన్‌లైన్ ఆటలనన్నిటిని నిషేధించు చట్టము చేసినది. అట్టి ఆట నడుపువారికి మూడేండ్ల వరకు కారాగారము, కోటి రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఆటలో మోసపోయిన ఆటగానిని కాక, ఆడించువానిని, ప్రకటన చేయువానిని, సొమ్ము చేరవేయువానిని శిక్షించుట ఈ చట్టములోని వివేకము.

ఆ సందర్భమున ప్రభుత్వ వర్గములు చెప్పిన అంచనా ఏటా 45 కోట్లమంది సుమారు 20,000 కోట్ల రూపాయలు పోగొట్టుకొనుచున్నారని. భాగించి చూచినచో తలకు 450 రూపాయలు కూడ లేదు. కాని సగటు ఇల్లు కూల్చదు. పదిమందికి పది రూపాయలు పోయిన ఊరు నిలుచును. ఒక్కనికి ఎకరము పోయిన ఇల్లు నిలువదు. జూదపు నష్టము ఎప్పుడును కొందరి నెత్తిననే పడును.

భవిష్యత్తును అమ్ము అంగళ్లు

ఇటీవల ఒక కొత్త వాదము వినవచ్చుచున్నది. ఎన్నికలలో ఎవరు గెలుతురు, వాన పడునా, ధర పెరుగునా అను విషయములపై పదిమంది సొమ్ము పెట్టి కొనుట అమ్ముట చేసినచో, ఆ ధరయే భవిష్యత్తును తెలుపునని. జరిగినచో 100 రూపాయలు వచ్చు చీటీ 60కి అమ్ముడుపోవుచున్నదనిన, జరుగుటకు నూటికి 60 పాళ్లు అవకాశమున్నదని అర్థము. 1988లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయము దీనిని పరిశోధన కొరకు ప్రారంభించినది. అందు ఒకడు పెట్టదగిన సొమ్ము 500 డాలర్లు మించరాదు. 2024లో ఆ దేశపు అధ్యక్ష ఎన్నికల వేళ న్యాయస్థానము దారి ఇచ్చుటతో ఇది బహిరంగ వ్యాపారమైనది. మన దేశములోను అవును, కాదు అను రెండు మాటలపై రూపాయలు పెట్టించు యాప్‌లు బయలుదేరి, 2025 చట్టముతో వెనుకకు తగ్గినవి.

ఈ వాదమును పూర్తిగా త్రోసిపుచ్చనక్కరలేదు. పదిమంది తెలివి ఒకచోట చేరినచో ఒకని తెలివికంటె మెరుగు కావచ్చును. ఋతుపర్ణుని విద్య గొప్పదే. అయితే ఆయన చెట్టును చూచి లెక్క చెప్పునప్పుడు ఎవని రాజ్యమును పణముగా పెట్టలేదు. విద్యను విద్యతో మార్చుకొన్నాడు. అంచనా కొరకు పణము అవసరమనువారు, ఆ పణము పరిమితమై, తెలిసినవారి మధ్యనే ఉండునని హామీ ఈయగలరా? అదియుగాక, ఫలితమును మార్చగలవాడే పందెము కాచినచో అది కపటాక్షము కాదా? క్రీడాకారుడు ఓటమిని అమ్ముకొనుట 2000 నాటి క్రికెట్ కుంభకోణములో లోకమెల్ల చూచినది. ఎన్నికలపై పందెము కాచినవానికి ఓటు ఒక బాధ్యతగా మిగులదు, ఒక చీటీగా మిగులును.

మన కర్తవ్యము

కౌటిల్యుని మార్గమునకు మూడు అంగములున్నవి. ఆట ఒకే చోట ఉండవలెను, అధ్యక్షుని కన్ను ఎల్లవేళల ఉండవలెను, పాచిక నిష్కపటమై ఉండవలెను. ఈ మూడును ఉన్నచోట కట్టుబాటు పనిచేయును. ప్రతి ఇంటిలో, ప్రతి పడకగదిలో, ప్రతి బాలుని చేతిలో ఆటశాల ఉన్నప్పుడు "ఒకే చోట" అను మాటకు అర్థము లేదు. విజ్ఞానేశ్వరుని సమన్వయము ప్రకారము అధ్యక్షుడు లేనిచోట మనువు నిషేధమే వర్తించును. కావున నేటి ఫోను జూదమునకు నిషేధము శాస్త్రసమ్మతమని నా అభిప్రాయము.

అయితే కౌటిల్యుని హెచ్చరికయు మరువరాదు. నిషేధించిన ఆట మాయము కాదు; చీకటిలోనికి పోవును. విదేశముల నుండి నడచు ఆటశాలలకు మన దండనము అందదు. నిషేధమునకు తోడు అప్పుల కట్టడి, బానిసలైనవారికి చికిత్స, పోలీసు జాగరూకత కావలెను. గుర్రపు పందెములు, జూదశాలలు మొదలగువానిపై 2025 సెప్టెంబరు 22 నుండి జీఎస్టీ 40 శాతమైనది. పన్ను పెంచుట మంచిదే కాని, ఆ రాబడికి ఖజానా అలవాటుపడరాదు. అలవాటుపడిన ఖజానా ధృతరాష్ట్రుని సభ వంటిది. విదురుడు చెప్పినను వినిపింపదు.

ప్రభువు ధర్మము ఇట్లుండగా మన ధర్మము కూడ ఉన్నది. మన సీమలో తిరునాళ్లలో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు జరుగును. దాతలిచ్చిన బహుమతికై గిత్తలు లాగును. ఓడిన రైతు ఇల్లు పోగొట్టుకొనడు. అది వేడుక. గట్టుపై నిలిచి ఆ గిత్తలపై పందెము కాయుట సమాహ్వయము. దేవుని తిరునాళ్లలో మొదటిదానిని ఉంచి రెండవదానిని ఉండనీయకుండుట ధర్మకర్తల బాధ్యత. సంక్రాంతి కోడిపందెములను ఆపవలసినదిగా 2016 డిసెంబరులో హైకోర్టు ఆదేశించినను గోదావరి జిల్లాలలో అవి ఆగలేదు. ఊరు ఒప్పుకొననిదే శాసనము ఒంటరిగా ఏమియు చేయజాలదని దీనివలన తెలియుచున్నది.

ఇంటిలో ఒకడు ఈ వ్యసనమున పడినచో అతనిని వెలివేయకుడు. అక్షసూక్తములోని జూదరి మిక్కిలి దుఃఖించినది సొమ్ము పోయినందుకు కాదు, తనవారు తనను ఎరుగమనినందుకు. అప్పు ఎంతయో నిర్భయముగా చెప్పు అవకాశమును అతనికి ఈయుడు. ఇంక అప్పు పుట్టకుండ చూడుడు. అతని చేతికి ఒక పని నీయుడు. సవితృదేవుడు ఆ జూదరికి శాపము ఈయలేదు. చేనిని, గోవులను, ఆలిని చూపి ఇంటికి పంపినాడు. మన చేయవలసినదియు అంతే.

స్వస్తి.